టైగర్ రోల్‌ని మూడోసారి పంపకపోవడమే మంచిదైంది

మొన్న ఉగాది ఫంక్షన్‌లో పులిహోర ప్లేట్లు పట్టుకుని నిలబడ్డప్పుడు వరసగా రెండు గ్రాండ్ నేషనల్స్ గెలిచిన గుర్రం టైగర్ రోల్ గురించి మళ్ళీ అదే వాదన మొదలైంది, ఏటా ఇంగ్లండ్‌లో జరిగే ఆ ఫెన్సులు దూకే రేసు దగ్గర పడే రోజుల్లోనే మన ఉగాది కూడా వస్తుంది కాబట్టి ఇది తప్పదు. ఐర్లండ్‌లో పదేళ్ళు దాటిన ఒకాయన "ఆ ఓనర్ పంతానికి పోయాడు గానీ, 2021లో టైగర్ రోల్‌ని దించుంటే మూడోది కూడా కొట్టేవాడండీ" అన్నారు. ఒకప్పుడు నేనూ అచ్చం అదే మాట అన్నాను, చాలా గట్టిగా అన్నాను. ఇప్పుడు అనను. ఎందుకనో నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట, నేను పందెం కాయను. మనవాళ్ళలో చాలామందికి గుర్రప్పందెం అనగానే మలక్‌పేట రేసుకోర్సు, దాని వెనకాలే ఇళ్ళు గుల్లైన వాళ్ళ కథలు గుర్తొస్తాయి, ఆ భయం నిజమైనదే, నేను దాన్ని కొట్టిపారెయ్యను. కానీ ఇక్కడ మీత్ కౌంటీలో మాలాగా ఉండేవాళ్ళకి గుర్రాలు ఎక్కడో ఉండేవి కావు, పొద్దున పాపని స్కూల్‌కి దింపే దారిలో గుర్రాల లారీ ముందు పోతూ ఉంటుంది. ఒక్క పైసా పెట్టకుండా ఒక గుర్రాన్ని ఏళ్ళ తరబడి ఫాలో అవ్వొచ్చు, క్రికెట్‌లో ఒక బ్యాట్స్‌మన్‌ని రంజీ రోజుల నుంచీ చూసినట్టు. ఇంకోటి, గుర్రాన్ని తెలుగులో "అది" అనాలని తెలుసు, కానీ టైగర్ నాకు ఎప్పుడూ "వాడు"నే.

వాడి కథ మొదలే తప్పు దారిలో మొదలైంది. తండ్రి ఆథరైజ్డ్, 2007లో ఎప్సమ్ డెర్బీ గెలిచిన గుర్రం, అంటే వీడు పుట్టింది ఫెన్సులు దూకడానికి కాదు, చదును ట్రాక్ మీద పరుగెత్తడానికి. దుబాయ్ పాలకుల గుర్రపుశాల వాళ్ళు పెంచారు, ఒక్క రేసులో కూడా దించకుండానే 2013లో అమ్మేశారు, పోయింది పదివేల పౌండ్లకి. కొన్న ట్రైనర్ ఒక్క హర్డిల్ రేసు, అంటే చిన్న అడ్డంకులు దూకే రేసు, గెలిపించి కొద్ది నెలల్లోనే ఎనభైవేలకి అమ్మాడు, అలా రయనేర్ విమానాల కంపెనీ నడిపే మైకేల్ ఓలీరీ వాళ్ళ గుర్రాల సంస్థ గిగిన్స్‌టౌన్‌కి వచ్చి ట్రైనర్ గోర్డన్ ఎలియట్ దగ్గర మా మీత్‌లో చేరాడు. 2014 మార్చిలో ఇంగ్లండ్‌లోని చెల్తెన్‌హామ్‌లో ట్రయంఫ్ హర్డిల్ కొట్టాడు, పైన కూర్చున్నది డేవీ రసెల్. అదే ఓనర్ రెండున్నర నెలల ముందే ఒక కప్పు టీ తాగుతూ రసెల్‌ని తమ జాకీ పదవి నుంచి తప్పించాడు, మళ్ళీ ఆ ఓనర్ రంగుల చొక్కాతోనే రసెల్ గెలిచి చూపించాడు.

ఆ తర్వాత రెండేళ్ళు చెప్పుకోడానికేం లేదు. వీడింతే, చిన్న గుర్రం, తొందరగా ఎదిగాడు తొందరగా అయిపోయాడు అనుకున్నారు. 2016లో లిమరిక్‌లో మన్‌స్టర్ నేషనల్ గెలిచాడు, అది మూడు మైళ్ళ రేసు, 2017లో చెల్తెన్‌హామ్‌లో ఏకంగా నాలుగు మైళ్ళ నేషనల్ హంట్ చేజ్. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి, రెండు మైళ్ళ హర్డిల్స్ గుర్రం నాలుగు మైళ్ళ ఫెన్సుల గుర్రం అయ్యింది, ఇలా అవుతుందని 2014లో ఏ లెక్కా చెప్పలేదు. ఒక గుర్రానికి పెద్ద రేసుల్లో అవకాశం ఎంత అని మనం రేటింగ్ నంబరు చూసి చెప్పేస్తాం, కానీ ఆ నంబరు అప్పటిదాకా పరుగెత్తిన దాని గురించే, రేపు ఏం చేస్తాడో దానికి తెలీదు.

వాడికి మళ్ళీ ఇష్టం పుట్టించింది క్రాస్ కంట్రీ అని నా నమ్మకం. చెల్తెన్‌హామ్ మైదానం మధ్యలో మట్టి గట్లు, కంచెలు, వంకరటింకర మలుపులు, ఎప్పుడూ ఒకే తీరు ఫెన్సులు దూకి విసుగెత్తిన గుర్రాలకి అది కొత్త ఊరు చూసినట్టు ఉంటుంది. కీత్ డొనహ్యూ వాడిమీద 2018లో ఆ రేసు గెలిచాడు, నెల తిరగ్గానే ఎయింట్రీలో రసెల్ ఎక్కి గ్రాండ్ నేషనల్ గెలిచాడు. ఆఖరి ఫెన్స్ దాటాక వీడు చాలా ముందున్నాడు, అయిపోయింది అనుకుని నేను సోఫాలోంచి లేచాను కూడా, అప్పుడు వెనక నుంచి ప్లెజంట్ కంపెనీ అనే గుర్రం లెంగ్త్ (అంటే ఒక గుర్రం పొడవు) తర్వాత లెంగ్త్ తినేస్తూ వచ్చాడు, చివరికి తల తేడా. నాలుగు మైళ్ళ రెండున్నర ఫర్లాంగుల రేసు, ముప్ఫై ఫెన్సులు, తేడా ఒక తల.

2019 ఫిబ్రవరిలో నావన్‌లో బోయిన్ హర్డిల్‌కి పాపని తీసుకుని వెళ్ళాను, నేను వాడిని దగ్గర్నుంచి చూడడం అదే మొదటిసారి. రేసుకి ముందు గుర్రాలని గుండ్రంగా నడిపించే చోట కంచె పట్టుకుని నిలబడ్డాం. పక్క గుర్రాల మధ్య వీడు తమ్ముడిలా ఉన్నాడు, అంత చిన్నగా. జీను కింద గుడ్డలో జేబులుంటాయి, జాకీ బరువు చాలకపోతే ఆ జేబుల్లో సీసం పలకలు పెడతారు, ఒక గుర్రానికి అవి సర్దుతుంటే పాప చూసి "ఎందుకు డాడీ, బ్యాగ్ మోస్తాడా?" అంది. అవును, మంచి గుర్రానికి ఎక్కువ బరువున్న బ్యాగ్ ఇస్తారు అని చెప్పాను. మూతి దగ్గర నురగ, చలికి ఒంట్లోంచి ఆవిరి, చెవులు మాత్రం ఒక్క క్షణం నిలవకుండా ఎటు చప్పుడైతే అటు తిరుగుతున్నాయి. ఆ రోజు ఎవరూ నమ్మలేదు, పందెం ధర ఒకటికి ఇరవై అయిదు, గెలిచేశాడు. మార్చిలో క్రాస్ కంట్రీ ఇరవై రెండు లెంగ్త్‌లతో, ఏప్రిల్‌లో మళ్ళీ నేషనల్. వరసగా రెండు నేషనల్స్ గెలవడం 1973, 1974లో రెడ్ రమ్ తర్వాత వీడే. ఇంటికి తెచ్చాక సమ్మర్‌హిల్ ఊళ్ళో నడిపిస్తే వీధంతా జనం, పాప నా భుజాల మీద కూర్చుని నా జుట్టు పట్టుకుని చూసింది.

ఇంక మూడోది. రెడ్ రమ్ 1977లో మూడోసారి గెలిచాడు, ఇంకెవడూ మూడు గెలవలేదు. 2020లో వీడికి అవకాశం అనుకుంటే కోవిడ్‌కి రేసే రద్దయింది. మిగిలింది 2021. ఇక్కడ బరువు గోల వస్తుంది. నేషనల్ హ్యాండికాప్ రేసు, అంటే హ్యాండికాపర్ అనే ఆయన ప్రతి గుర్రానికీ రేటింగ్ ఇస్తాడు, ఆ రేసులో పక్క గుర్రం కంటే ఒక పాయింట్ ఎక్కువుంటే దానికంటే ఒక పౌండు ఎక్కువ మొయ్యాలి. 2018లో వీడి రేటింగ్ 150, మోసింది 10 స్టోన్ 13 పౌండ్లు, అంటే 69 కిలోల పైచిలుకు. 2019లో 159, 11 స్టోన్ 5. 2020కి 170 చేసి టాప్ వెయిట్, అంటే అందరికంటే ఎక్కువ బరువు, వేశారు. 2021కి 166, 11 స్టోన్ 9, దాదాపు 74 కిలోలు. ఓలీరీ వాళ్ళు ఇది న్యాయం కాదని పేరు వెనక్కి తీసుకున్నారు.

మా నాన్నకి ఫోన్‌లో ఇది చెబితే ఆశ్చర్యపోయారు. మాది పల్నాడు, బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగాం. అక్కడ రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలుంటాయి, ఒక విభాగంలో ఎవరి గిత్తలకైనా బండ ఒకటే, ఎంత దూరం లాగారన్నదే లెక్క. "నిరుడు గెలిచిన జతకి ఈ ఏడు బండ పెంచుతారా? ఇదెక్కడి న్యాయంరా?" అన్నారు నాన్న. నేను చెప్పాను, నాన్నా బండ పెంచకపోతే ప్రతి ఏడూ రెండు మూడు గుర్రాలే గెలుస్తాయి, మిగతా ముప్ఫై మంది ఎందుకొస్తారు, పదివేలకి అమ్ముడైన గుర్రం గెలవగలిగిందంటే ఈ పద్ధతి వల్లే. హ్యాండికాపర్ అన్యాయం చేశాడని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను, గెలిచినవాడికి బరువు పెరగాల్సిందే, ఓలీరీ వాళ్ళ వాదనలో నాకు నచ్చనిది అదే. కానీ వాళ్ళు చేసిన పని మాత్రం కరెక్ట్ అని తర్వాత తెలిసింది.

2021 మార్చి రోజులు మా జిల్లాకి చెడ్డ రోజులు. చనిపోయిన గుర్రం మీద ఎలియట్ కూర్చున్న ఫొటో బయటికొచ్చింది, అది చూసి నాకు ఆ రోజు అన్నం సయించలేదు, ఏడాది సస్పెన్షన్ వేసి అందులో ఆరు నెలలు అమలు చెయ్యకుండా ఉంచారు, నా దృష్టిలో అది తక్కువే. శాల డెనీస్ ఫోస్టర్ చేతికి వెళ్ళింది. ఆ గందరగోళంలోనే పదకొండేళ్ళ టైగర్ చెల్తెన్‌హామ్‌లో క్రాస్ కంట్రీ మళ్ళీ గెలిచాడు, పద్దెనిమిది లెంగ్త్‌లు, అదీ నిరుడు తనని ఓడించిన ఈజీల్యాండ్ మీద. అప్పుడు నేను కోపంతో ఊగిపోయాను, ఇంత బాగా పరుగెత్తేవాడిని ఇంట్లో కూర్చోబెడతారా అని ఆఫీసులో ట్రిమ్ ఊరి నుంచి వచ్చే కొలీగ్‌తో లంచ్ అంతా పోట్లాడాను.

మూడు వారాలకి ఏప్రిల్‌లో వాడిని ఎయింట్రీకి తీసుకెళ్ళారు, నేషనల్‌కి కాదు, రెండు రోజుల ముందు జరిగే బౌల్ అనే గ్రేడ్ వన్ రేసుకి. మూడు మైళ్ళ పైచిలుకు, మామూలు ఫెన్సులు, బరువులో తేడాల్లేవు. క్లాన్ దేజోబో గెలిచాడు. మా టైగర్ ఎక్కడో వెనక, చాలా చాలా వెనక. దాన్ని నేను ల్యాప్‌టాప్‌లో చూస్తూ మాట్లాడలేకపోయాను. క్రాస్ కంట్రీలో వాడికున్న తెలివి, ఇష్టం వేరు, పెద్ద గుర్రాలతో వేగంగా పరుగెత్తి దూకే కాళ్ళు వేరు, ఆ కాళ్ళు 2019వి కావు అప్పటికి. అదే 74 కిలోలు వేసుకుని, నలభై గుర్రాల మధ్య, బీచర్స్ బ్రూక్ అనే ఫెన్స్ రెండుసార్లు దూకమంటే ఏమయ్యేది? ఆ ఏడు నేషనల్ రేచల్ బ్లాక్‌మోర్ మినెల్లా టైమ్స్ మీద గెలిచింది, నేషనల్ గెలిచిన మొదటి ఆడ జాకీ. వీడు దిగుంటే గెలిచేవాడని ఇప్పుడు నేను అనలేను, క్షేమంగా ఇంటికొచ్చేవాడనీ అనలేను. 2022లో రేటింగ్ 161కి దిగింది, అయినా పంపలేదు, ఆ ఏడు నేషనల్‌లో పరుగెత్తిన రెండు గుర్రాలు చనిపోయాయి. ఆ తర్వాతే కదా 2024 నుంచి నలభైని ముప్ఫై నాలుగుకి తగ్గించి, మొదటి ఫెన్స్‌ని స్టార్ట్‌కి దగ్గరగా జరిపారు.

టాప్ వెయిట్‌తో గెలవలేరా అని ఎవరైనా అడిగితే, దగ్గరిదాకా వస్తారు, ఒప్పుకుంటాను. ఆథరైజ్డ్ కొడుకే ఇంకోడు, ఐ యామ్ మాక్సిమస్, 2024లో నేషనల్ గెలిచి 2025లో టాప్ వెయిట్ మోసి నిక్ రాకెట్ వెనక రెండోవాడిగా వచ్చాడు. కానీ వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. పదకొండుకీ తొమ్మిదికీ తేడా గిత్తలున్న ఇంట్లో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

నాన్న ఆ ఫోన్‌లోనే ఇంకో సంగతి చెప్పారు, నాకు అప్పటిదాకా తెలీదు. మా తాతయ్య జత ఒకటి చుట్టుపక్కల ఊళ్ళలో మూడేళ్ళు గెలిచిందట, నాలుగో సంక్రాంతికి ఊరంతా వచ్చి ఈ ఒక్కసారికి కట్టండి పెద్దాయనా అని అడిగారట. తాతయ్య ఆ పొద్దున కాడి ఎత్తి మెడ మీద పెట్టబోతే ఎడమవైపు గిత్త మెడ పక్కకి తీసుకుంది, అంతే, కాడి కింద పెట్టేశాడు. ఊళ్ళో వాళ్ళు ఆరు నెలలు మాట్లాడలేదట. ఉగాది ఫంక్షన్‌లో వాదించినాయనకి నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే. మూడో నేషనల్ మనకి కావాలి, రికార్డు మనకి కావాలి, వాడికి దాంతో ఏం పని?

వాడి ఆఖరి రేసు 2022 మార్చి 16న, చెల్తెన్‌హామ్‌లోనే, అదే క్రాస్ కంట్రీ, పొద్దుట్నుంచీ వాన. ఆఖరి ఫెన్స్ దాటాక ముందున్నది వాడే, పక్కన అదే ఓనర్ గుర్రం డెల్టా వర్క్, ముగింపు పోస్ట్ దగ్గర ముప్పావు లెంగ్త్ తేడాతో డెల్టా వర్క్ గెలిచాడు. పాపకి అప్పటికి గుర్రాల సంగతులు బాగా తెలుసు, టీవీ ముందు ఏడ్చింది. రేసయ్యాక వాడిని దగ్గరగా చూపించారు, ఒళ్ళంతా బురద, ఊపిరి ఎగపోస్తోంది, చెవులు మాత్రం అలాగే, నావన్‌లో చూసినట్టే, జనం చప్పుడు ఎటుంటే అటు తిరుగుతున్నాయి.

వచ్చే ఫిబ్రవరిలో నావన్‌లో మళ్ళీ బోయిన్ హర్డిల్ ఉంటుంది. పందెం కాయనివాళ్ళు, పిల్లలున్నవాళ్ళు ఎవరైనా రావాలనుకుంటే చెప్పండి, మా కారులో ఇద్దరికి చోటుంది, బురద బూట్లు తెచ్చుకోండి.