రోలరు లేకపోయినా అచ్చు పడుతుంది

పిల్లలకు కాగితం మీద అచ్చుబొమ్మలు వేయడం నేర్పడం గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ చెక్కి అచ్చు చేసుకునే మెత్తటి లినోలియం పలక, చెక్కే ఉలులు, రంగు పూసే రబ్బరు రోలరు తెప్పించుకోమన్నారు చూడండి, అక్కడే ఆగిపోయాను. నేను చండూరు దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో పాఠాలు చెబుతాను. మాకు దొరికేది పంక్చరు దుకాణంలో పారేసే సైకిల్ ట్యూబు. దాన్ని చేపలాగో ఆకులాగో కత్తిరించి అట్టముక్కకు అంటిస్తే అదే మా అచ్చు. ఆరో తరగతి పిల్లల చేతికి ఉలి ఇచ్చే ధైర్యం నాకైతే లేదు.

బెండకాయతో మొదలుపెట్టండి. అడ్డంగా కోస్తే రేకుల పువ్వు సిద్ధంగా ఉంటుంది. కోసిన వెంటనే ఒత్తితే మాత్రం జిగటకు రంగు చెదిరిపోతుంది. గుడ్డతో తుడిచి కాసేపు ఆరనివ్వాలి. రంగులో ముంచనివ్వకండి, తడి స్పాంజికి పోస్టర్ రంగు పూసి దానిమీద అద్దించండి.

అసలు సరదా అక్షరాల దగ్గర. థర్మోకోల్ పళ్లెం మీద సిరా అయిపోయిన పెన్నుతో ఒకమ్మాయి ‘పలక’ అని గట్టిగా నొక్కి రాసింది. రంగు పూసి ఒత్తితే కాగితం మీద పడింది ‘కలప’, అదీ అక్షరాలన్నీ అటు తిరిగి! తరగతంతా ఒకటే నవ్వు. పల్చటి కాగితం మీద రాసి, తిరగేసి, వెనకనుంచి గీసుకోవచ్చని చివరికి పిల్లలే కనిపెట్టారు. నేను చెప్పాలనుకున్నది వాళ్లు చెప్పేశారు.

ఒక్క సవరణ. పోచంపల్లి ఇక్కత్‌ను అచ్చు వస్త్రాల్లో కలిపేశారు. అది అచ్చు కాదండీ, నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగు వేస్తారు. మా తరగతిలో మగ్గం ఉన్న ఇళ్ల పిల్లలు ఇద్దరున్నారు, వాళ్లకు ఈ వ్యాసం ఇంకా చూపించలేదు.