కాన్పూర్‌కు కావాల్సింది తాళాలు కాదు

లాల్ ఇమ్లీ మిల్లు గడియార స్తంభం కాన్పూర్‌లో ఇప్పటికీ నిలబడే ఉంది. దాని నీడలో మగ్గాల చప్పుడు ఆగిపోయి మాత్రం చాలా ఏళ్లయింది. 1876లో మొదలై సైన్యానికి కంబళ్లు నేసిన ఆ మిల్లును, దాని మాతృసంస్థతో పాటు 1981లో కేంద్రం తన చేతుల్లోకి తీసుకుంది. అయినా నిలబెట్టలేకపోయింది. ఎల్గిన్ నూలు మిల్లుదీ అదే కథ. తూర్పు మాంచెస్టర్‌గా పేరుపడ్డ ఊరికి ఇవాళ మిగిలిన పెద్ద అండ తోలు పరిశ్రమే.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ సైన్యానికి గుర్రపు జీన్లు, బూట్లు పెద్దఎత్తున అవసరమయ్యాయి. రైలు వచ్చింది, పక్కనే గంగ ఉంది. తోలు పనికి నీళ్లే ప్రాణం. కాన్పూర్‌లోని జాజ్‌మౌ ప్రాంతపు టానరీల్లో, అంటే పచ్చి తోళ్లను పదును చేసే కర్మాగారాల్లో, సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోళ్లను పెద్ద చెక్క డ్రమ్ముల్లో క్రోమియం లవణంతో గంటల తరబడి తిప్పుతారు. బయటికి తీసేసరికి అవి లేత నీలం రంగుకు తిరిగి ఉంటాయి. తోలు పీల్చుకోగా మిగిలిన క్రోమియం నీళ్లతో పాటే కాలువ పడుతుంది.

ప్రాథమిక శుద్ధి ప్లాంటు పెట్టుకోలేని టానరీ నడవడానికి వీల్లేదని 1987లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. డబ్బు లేదన్న మాట చెల్లదంది. అది న్యాయమైన తీర్పు. ఆ తర్వాత 1990లలో కట్టిన ఉమ్మడి ప్లాంటు సామర్థ్యం రోజుకు 3.6 కోట్ల లీటర్లు. అందులో టానరీల నీటికి కేటాయించింది 90 లక్షల లీటర్లే, మిగతాదంతా ఊరి మురుగుకు. వచ్చే నీళ్లకు అది చాలదని తెలిసీ ఏళ్ల తరబడి దానితోనే నెట్టుకొచ్చారు. శుద్ధి చేశామన్న నీళ్లు దిగువ పొలాలకు పారాయి, క్రోమియం భూగర్భ జలాల్లోకి దిగింది.

గంగ దిగువన ప్రయాగ్‌రాజ్‌లో పుణ్యస్నానాల వేళ టానరీలకు తాళాలు వేయించడం మాత్రం తేలికైపోయింది. 2019 కుంభమేళాకూ అదే చేశారు. టానరీల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా దళితులు, ముస్లింలు. పని ఆగితే వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగదు. రోజుకు దాదాపు 14 కోట్ల లీటర్ల మురుగును గంగలో కలిపిన సీసామవూ నాలా అనే పెద్ద మురుగు కాలువనే మళ్లించగలిగిన ప్రభుత్వానికి టానరీల నీటిని పూర్తిగా శుద్ధి చేయించడం అసాధ్యమంటే మేం నమ్మం. శుద్ధి ప్లాంట్లు ఒక్క రోజు కూడా ఆగకూడదు. వాడిన క్రోమియాన్ని ప్రతి టానరీ తిరిగి రాబట్టుకోవాలి, చిన్న యజమానులకు అందుకు అప్పు ఇప్పించాలి. ఇవన్నీ చేశాక కూడా మూయించక తప్పకపోతే, ఆ రోజుల కూలి ఎవరిస్తారో ఆ ఉత్తర్వులోనే రాయాలి.