శ్రీ ఓఎల్ఈడీ మానిటరు గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ 32 అంగుళాల ఓఎల్ఈడీ గేమింగ్ మానిటరు గారి సముఖమునకు తమ సేవకుడు నమస్కరించి వ్రాసుకొన్న విన్నపం. ఇక్కడ మేమందరం క్షేమం. తమ క్షేమసమాచారం తెలియజేయవలసిందిగా కోరడం లేదు. నలభై రోజులుగా ఈ ఇంటిల్లిపాదీ కనిపెట్టుకొని ఉన్నది దానినే.

తమరు శ్రావణమాసంలో మా ఇంట అడుగుపెట్టినప్పుడు నా ఉద్దేశం వేరుగా ఉండేది. లక్షకు పైచిలుకు పోసి తెచ్చిన తెరను నలభై రోజులు పగలూ రాత్రీ వాడి, అట్టపెట్టె మీద అచ్చువేసిన గొప్పల్లో ఏవి నిలుస్తాయో ఏవి నీరుగారతాయో తేల్చి, కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్న ఇద్దరు ముగ్గురు స్నేహితులకు ఒక మాట చెప్పాలనుకున్నాను. పరీక్ష పెట్టేది నేను, రాసేది తమరు అనుకున్నాను. రెండో వారం తిరక్కుండానే అంతా తారుమారైంది. ఇప్పుడు ఈ గదిలో కర్టెన్ ఎంత తీయాలో, గోడకు ఏ దీపం పెట్టాలో, నేను భోజనానికి ఎప్పుడు లేవాలో తమరే నిర్ణయిస్తున్నారు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరులో తమను తొలిసారి చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. దుకాణమంతా ట్యూబులైట్లు వెలుగుతుండగా, తమను మాత్రం ఒక మూలన నల్లగుడ్డ కట్టిన అరలో కూర్చోబెట్టి, నల్లని నీళ్లలో రంగులు విచ్చుకునే వీడియో ఒక్కటే తిప్పి తిప్పి చూపించారు. పట్టుచీరను పసుపుపచ్చ దీపం కింద చూపిస్తే, వాకిట్లోకి తెచ్చి ఎండలో పరిచి చూసేంత తెలివి మా ఇంటి ఆడవాళ్లకు ఉంది. ఆ తెలివి నాకు లేకపోయింది. పక్కనే 34 అంగుళాల వంపుతెర గల తమ అన్నగారు కూడా ఉన్నారు గాని, ఆనాటికి 32 అంగుళాలు దాటిన మానిటరుకు జీఎస్టీ 28 శాతం, దాటనిదానికి 18 శాతం. గీతకు ఇవతల ఆగిన తమనే తెచ్చుకొని, నా లౌక్యానికి నేనే మురిసిపోయాను. 2025 సెప్టెంబరు 22న ఆ గీతను చెరిపేశారు.

తమ వంశం సామాన్యమైనది కాదని ఒప్పుకొంటాను. 1987లో ఈస్ట్‌మన్ కోడాక్ ప్రయోగశాలలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పలుచని సేంద్రియ పదార్థాల పొరల గుండా కొద్దిపాటి విద్యుత్తును పంపి వెలుతురు పుట్టించారని లోకానికి ప్రకటించిన నాటి నుంచి తమ వంశావళి మొదలవుతుంది. ఫోటో ఫిల్మ్ అమ్ముకొని బతికిన ఆ కోడాక్ 2009లో ఓఎల్ఈడీ వ్యాపారాన్ని ఎల్జీకి అమ్ముకొంది, 2012లో తానే దివాలా రక్షణ కోరింది. 2007లో సోనీ తెచ్చిన మొదటి ఓఎల్ఈడీ టీవీ 11 అంగుళాలది, అంటే మా ఇంట్లో అరిసెలు ఆరబెట్టే పళ్లెం కన్నా చిన్నది. 2022లో ఏలియన్‌వేర్ కంపెనీ 34 అంగుళాల తెరతో, క్వాంటం డాట్లనే అతిసూక్ష్మ రేణువులతో రంగులు పుట్టించే తమ శాఖ గేమింగ్ బల్ల మీదికి ఎక్కింది. ఆ మరుసటి ఏడే క్వాంటం డాట్లను కనుగొని తయారీకి దారి చూపిన ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇదంతా నేను మా అమ్మకు ఎంతో గౌరవంగా వివరించగా, ఆమె చెవిన పడిన మాట ‘సేంద్రియ’ ఒక్కటే. “సేంద్రియ బెల్లం కూడా అంతేరా, ధర రెట్టింపు, నిల్వ సగం” అన్నది. తమ గురించి ఇంతకన్నా కుదురైన సమీక్ష నాకు ఇంతవరకు దొరకలేదు.

ముందుగా తమ ఘనత చెప్పుకోవాలి, లేకపోతే కళ్లు పోతాయి. మామూలు మానిటరుకు వెనకాల ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నలుపు చూపాలంటే అది కిటికీ తలుపులు మూసుకొంటుంది, సందుల్లోంచి వెలుతురు కారుతూనే ఉంటుంది. అందుకే నా పాత తెర మీద అర్ధరాత్రి అడవి కూడా మబ్బు పట్టిన మధ్యాహ్నంలా ఉండేది. వెనక దీపాలను వందల గళ్లుగా విడదీసిన మినీ ఎల్ఈడీ తెరలు కొంత నయమే గాని, నల్లని తెర మీద ఒక తెల్లని అక్షరం పడితే దాని చుట్టూ చంద్రుడికి కట్టినట్టు వరదగుడి కడుతుంది. తమ 82,94,400 పిక్సెళ్లలో ప్రతి ఒక్కటీ తన దీపం తానే వెలిగించుకొని, తానే ఆర్పుకొంటుంది. ట్రూ బ్లాక్ అనే ముద్ర వేయడానికి వెసా ప్రమాణాల సంస్థ నలుపుకు పెట్టిన హద్దు 0.0005 నిట్లు (నిట్ అంటే తెర వెలుగుకు కొలమానం). అంటే తమ పరమోత్కృష్ట ప్రతిభ ఏ పనీ చేయకుండా ఊరుకోవడంలో ఉంది. ఆ విద్యలో ఆరితేరినవారిని కొన్ని కార్యాలయాల్లో చూశాను గాని, దానికి లక్ష రూపాయలు ముందుగా కట్టి రసీదు తీసుకోవడం ఇదే మొదలు.

అయితే ఆ నలుపుకు ముహూర్తం ఉంది. ఉదయం పదకొండు గంటలకు బాల్కనీ తలుపు తీసి ఉండగా చూస్తే, తమ నలుపు నేరేడుపళ్లు తిన్న పిల్లవాడి నాలుక రంగులో ఉంటుంది. మిగతా ఓఎల్ఈడీ తెరలు బయటి వెలుతురును మింగడానికి పోలరైజరు పొర కప్పుకొంటాయి. తమ శాఖవారు కాంతి వృథా పోతుందని ఆ పొరను విసర్జించారు. కాబట్టి గదిలో పడిన వెలుతురు తమ లోపలి పొరలను తాకి ఊదారంగులో తిరిగి వస్తుంది. దీనికి విరుగుడుగా నేను దళసరి కర్టెన్లు కుట్టించాను. పట్టపగలు గదిని చీకటి చేసుకొని తెర ముందు కూర్చున్న నన్ను చూసి, పక్క ఫ్లాటు పెద్దాయన కళ్లకలక వచ్చిందా బాబూ అని పరామర్శించి వెళ్లారు.

వెలుగు సంగతి మరీ విచిత్రం. పెట్టె మీద 1000 నిట్లని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. ఆ వెయ్యి తెరలో 3 శాతం జాగాలో తెలుపు ఉన్నప్పుడే వస్తుందన్న మాట చీమ తలకాయంత అక్షరాలతో మరోచోట వేశారు. నేను స్కేలు పెట్టి కొలిచి లెక్క కట్టాను. తమ తెర మీద 3 శాతమంటే సుమారు 9 సెంటీమీటర్ల చదరం, అంటే నా అరచేయి. అంత మేర సూర్యుణ్ణి చూపితే నిజంగానే కళ్లు చికిలించవలసి వస్తుంది, అందులో దగా లేదు. కాని వెలుగునీడల తేడాను బాగా పెంచి చూపే అదే హెచ్‌డీఆర్ అమరికలో నా ఆఫీసు లెక్కల పట్టికను తెరిచి, మూల పట్టుకొని మెల్లగా పెద్దది చేస్తూ పోతే, కాగితం పెరిగిన కొద్దీ వెలుగు కుంగుతూ, తెర నిండేసరికి సుమారు 250 నిట్లకు దిగిపోతుంది. ఒక్కడికి విందు భోజనం, ఊరందరికీ మజ్జిగ అన్నమాట. వేడెక్కి పాడవకుండా తమరు చేసుకొనే ఏర్పాటు అది. నాకు అర్థమైంది. పెట్టెకే అర్థం కాలేదు.

తెలుగు చదివేవాడిగా నాదొక ప్రత్యేకమైన ఫిర్యాదు ఉంది. మైక్రోసాఫ్ట్ 1998లో ప్రకటించిన క్లియర్‌టైప్ పద్ధతి, ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిలువు చారలుగా వరుసగా ఉంటాయని నమ్మి అక్షరాల అంచులను నున్నగా చేస్తుంది. తమ ఇంట్లో ఆ ముగ్గురూ వరుసలో నిలబడరు. ఆకుపచ్చ పైన ఎక్కి కూర్చుంటుంది, ఎరుపూ నీలమూ కింద ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలు దీనిని కొంతవరకు ఓర్చుకొంటాయి. పైన తలకట్టు, కింద వత్తు మోసే మన అక్షరం రెండు వైపులా దొరికిపోతుంది. తెల్లని పేజీ మీద ‘స్వాతంత్ర్యం’ అన్న మాటను ముఖం దగ్గరగా పెట్టి చూశాను. తలకట్టు మీద లేత గులాబీ జీర, త్ర కింద యవత్తు అంచున ఆకుపచ్చ జీర. అంగుళానికి సుమారు 140 పిక్సెళ్లు ఉన్నందువల్ల చేయి చాపినంత దూరానికి జరిగితే అది మాసిపోతుంది. అంగుళానికి 110 మాత్రమే ఉన్న 34 అంగుళాల అన్నగారి మీద అంత తేలికగా మాసిపోదు. రోజంతా అక్షరాలతో పని ఉన్నవారికి నా మాట ఇంతే: ఆ అన్నగారి జోలికి పోవద్దు.

వేగంలో తమకు సాటి లేదు. రంగు మార్చుకోవడానికి పిక్సెల్‌కు పట్టేది 0.03 మిల్లీసెకను, సెకనుకు 240 బొమ్మలు, అంటే 4.17 మిల్లీసెకన్లకు ఒకటి. ఒక పాత గేమ్‌లో పటాన్ని అటూ ఇటూ జరజరా లాగుతూ చూశాను. లాగుతుండగానే ఊళ్ల పేర్లు చదవగలిగాను. నా పాత తెర మీద అవి తడిసిన సిరాలా అలుక్కుపోయేవి. ఇది మాత్రం డబ్బు పెట్టి కొనదగ్గ సుఖం. కాని ఆ 240 బొమ్మలను గీసి ఇవ్వవలసింది నా గ్రాఫిక్స్ కార్డు, అది కొత్త గేమ్‌లలో 4కే వద్ద, అంటే తమ పిక్సెళ్లన్నిటినీ నింపాలంటే, 70 దగ్గరే రొప్పుతుంది. ఒక్కొక్క బొమ్మ 14 మిల్లీసెకన్లు తెర మీద కదలకుండా నిలబడితే, పిక్సెల్ ఎంత చురుకైనదైనా కంటికి మసక తప్పదు. తమకు తగిన కార్డు ధర అడిగితే తమ ధరను మించింది. అంకుశం కొన్నవాణ్ణి ఏనుగును కొనమన్నట్టు ఉంది. పైగా ఆ కార్డు ఇచ్చే బొమ్మల సంఖ్య ఎగుడుదిగుడుగా ఉంటే, దానికి తగినట్టు తమ రిఫ్రెష్ రేటు, అంటే తెర బొమ్మ మార్చే వేగం కూడా ఊగి, గుహలూ నేలమాళిగలూ వచ్చినప్పుడు తెర ఓల్టేజీ పడిపోయిన ట్యూబులైటులా మినుకుమినుకుమంటుంది. గేమ్ తెరుచుకొనేటప్పుడు మరీ ఎక్కువ. మొదటిసారి నేను లేచి ఇంట్లో ఫ్యూజు చూసి వచ్చాను.

ఇక తమ ఆరోగ్యం. కదలని బొమ్మ తమకు విషం. ఒకే చోట ఒకే వెలుగు గంటల తరబడి ఉంటే ఆ సేంద్రియ పదార్థం అక్కడ ముందుగా అరిగి, ఆ బొమ్మ నీడ శాశ్వతంగా నిలిచిపోతుందని తెలిసిన నాటి నుంచి టాస్క్‌బారును దాచాను, వాల్‌పేపరును కారునలుపు చేశాను, చివరికి మౌసు బాణాన్ని కూడా ఒకచోట నిలవనివ్వడం లేదు. మా నాన్నగారు తెలుగు వార్తాఛానెల్ చూడడానికి తమ ముందు కూర్చున్న సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక మూల ఛానెల్ ముద్ర, ఇంకో మూల గడియారం, కింద ఎర్రని పట్టీ మీద ఉదయం నుంచీ మారని బ్రేకింగ్ న్యూస్, దాని కింద మరొకటి. కదిలేది మధ్యలో చర్చ జరుపుతున్నవారి నోళ్లు మాత్రమే. తమను నాశనం చేయడానికి ప్రయోగశాలలో ఇంతకన్నా కఠినమైన పరీక్షను రూపొందించలేరు. పది నిమిషాలకొకసారి నేను వచ్చి ఛానెల్ మారుస్తుంటే, నాన్నగారు కళ్లద్దాలు తీసి, “నీకు ఏ పార్టీ మీద కోపంరా?” అని అడిగారు.

అసలు యుద్ధం మా అమ్మతో జరిగింది. నాలుగేసి గంటల వాడకానికి ఒకసారి తమరు కునుకు తీస్తూ పిక్సెళ్లను సరిచేసుకోవాలి. అందుకు తెర ఆరినా కరెంటు అందుతూ ఉండాలి. మా అమ్మ రాత్రి పడుకోబోయే ముందు గది గదికీ వెళ్లి గోడ స్విచ్చీలన్నీ కట్టేస్తుంది. నలభై ఏళ్ల అలవాటు. తమరు చికిత్సలో ఉన్నారని చెప్పాను. “తెర నల్లగానే ఉంది కదరా, ఇంక దేనికి కరెంటు?” అన్నది. పనిలో ఉన్నా ఆరిపోయి ఉన్నా ఒకే తీరుగా కనిపించడమే తమ గొప్పతనమని ఆమెకు ఎలా చెప్పను? స్విచ్చి మీద కాగితం అంటించాను. ఆమె కాగితం తీసి మడిచి బల్ల మీద పెట్టి, స్విచ్చి కట్టేసింది. మర్నాడు ఉదయం పని మధ్యలో ఉండగా తమరు పిక్సెల్ సంరక్షణ జరగలేదని తెర మీద నోటీసు ఇచ్చారు. కాస్త ఆగమని నేను, తక్షణం కానివ్వమని తమరు.

ఒక రాత్రి ఆమెనే తమ ముందు కూర్చోబెట్టి, కిందటి కార్తీకంలో రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డున ఆమె ఫోనులో తీసుకొన్న వీడియో పెట్టాను. చీకట్లో నీళ్లు కనబడలేదు, తమ అంచు ఎక్కడ అయిపోయిందో గోడ ఎక్కడ మొదలైందో కూడా కనబడలేదు. అరటిదొప్పల్లో దీపాలు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా, వరదగుడి లేకుండా, గదిలోకి తేలివచ్చినట్టు వచ్చాయి. అమ్మ ముందుకు వంగి, కుడిపక్క కొసన ఉన్న దొప్పను చూపించి, “అది నాదే, వత్తి పక్కకు ఒరిగింది చూడు” అన్నది. ఫోనులో ఏడాదిగా చూస్తున్నా ఆ వత్తి ఆమెకు కనబడలేదట. మూడుసార్లు వెనక్కి తిప్పించుకొని చూసి, లేచి, కళ్లకద్దుకొని, స్విచ్చి కట్టేసి వెళ్లి పడుకొంది.

స్నేహితులకు నేను చెప్పబోయే మాట తమకు ముందుగా తెలియజేయడం మర్యాద. చీకటి గది, ఓపిక, మూడేళ్లపాటు తెర మీద పడే నీడలకు కూడా వర్తించే వారంటీ కాగితం, ఈ మూడూ ఉన్నవాడు రాత్రిపూట ఆటలకూ సినిమాలకూ తమను నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చునని, పగలు పట్టికలు నింపి పొట్టపోసుకొనేవాడు సగం ధరకు మామూలు తెర కొనుక్కొని మిగిలిన సొమ్ముతో కార్డు మార్చుకోవడం మేలని చెబుతాను. ఇందులో తమకు అభ్యంతరాలుంటే, పిక్సెల్ సంరక్షణ ముగిశాక తెలియజేయగలరు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ కర్టెన్లు వేసే సేవకుడు

తా.క.: ఈ ఉత్తరాన్ని తమ తెర మీద టైపు చేయలేదు, మన్నించాలి. తెల్లని పేజీ, పైన కదలని బొత్తాల వరుస, మూడు గంటల పని అనేసరికి ధైర్యం చాలలేదు. అటక మీది నుంచి పాత మానిటరును దింపి దుమ్ము దులిపాను. దాని నలుపు బూడిదరంగే. అమ్మ స్విచ్చి కట్టేసినా ఏమీ అనుకోదు.