కల్వర్టుకు క్లాసు కావాలి, ఇంటికి అక్కర్లేదా?

టెండరు పిలిచి చిన్న కల్వర్టు కట్టించినా సరే, ప్రభుత్వం రిజిస్టర్డ్ కాంట్రాక్టరునే రమ్మంటుంది. 2003 నాటి జీవో 94 ప్రకారం అందరికన్నా పైన స్పెషల్ క్లాసు, దాని కింద ఒకటి నుంచి ఐదు దాకా క్లాసులు. ఏ క్లాసువాడు ఎంత విలువైన పని పట్టాలో హద్దు ఉంది. టెండరుతోపాటు ఈఎండీ అనే ధరావతు కట్టాలి. బిల్లుల్లోంచి కొంత సొమ్ము రిటెన్షన్‌గా ఆపి పట్టుకుంటారు. పని అప్పగించాక కూడా, లోపాలు బయటపడితే సరిచేయాల్సిన డిఫెక్ట్ లయబిలిటీ గడువు నడుస్తుంది. బోడుప్పల్‌లోనో బాచుపల్లిలోనో ఓ కుటుంబం ముప్పై ఏళ్ల సంపాదనతో ఇల్లు కట్టుకోబోతే మాత్రం ఇవేవీ అడిగేవాళ్లుండరు. చేతిలో విజిటింగ్ కార్డు, ‘అడుగుకు ఇంత’ అనే మాట ఉంటే చాలు, కాంట్రాక్టరైపోతాడు. తన సొమ్ముకు ఇంత కాపలా పెట్టుకున్న సర్కారు పౌరుడి సొమ్మును గాలికి వదిలేసింది. సొంతిల్లు కట్టే ప్రతి కాంట్రాక్టరుకూ లైసెన్సు తప్పనిసరి చేయాలి. ఇది ఎప్పుడో జరగాల్సింది.

2024 నవంబరులో హైదరాబాదు సిద్దిక్‌నగర్‌లో ఏం జరిగిందో అందరూ చూశారు. పక్క ప్లాటులో పునాదులకు తవ్వితే ఐదంతస్తుల భవనం ఒరిగింది, దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. ఇలాంటిది జరిగినప్పుడల్లా చర్చ పర్మిషన్ల చుట్టూనే తిరుగుతుంది. పర్మిషన్ల వైపు మనకు లోటేమీ లేదు. 2012 బిల్డింగ్ రూల్స్ ఉన్నాయి, 2020లో ఆన్‌లైన్ పర్మిషన్ల విధానం టీఎస్ బీపాస్ వచ్చింది. ప్లాను గీసే ఆర్కిటెక్టుకు, సంతకం పెట్టే స్ట్రక్చరల్ ఇంజనీరుకు లైసెన్సు నంబరు ఉంటుంది. బిల్డర్లూ డెవలపర్లూ నమోదు కావాలన్న మాట కూడా ఆ రూల్స్‌లో ఉంది. కానీ 150 గజాల ప్లాటులో స్లాబు పోసే మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట కాగితం దాటదు. స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా కూడా ఇక్కడ అక్కరకు రాదు. అది అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకు సంబంధించిన చట్టం, అందులోనూ 500 చదరపు మీటర్ల లోపు స్థలానికి, ఎనిమిది ఫ్లాట్ల లోపు కట్టడానికి రిజిస్ట్రేషన్ మినహాయింపు ఇచ్చింది. ప్లాను గీసినవాడికి లైసెన్సు ఉండి, కాంక్రీటు కలిపేవాడికి లేకపోతే ఆ ప్లానుకు విలువేముంది?

అసలు రోగం ‘అడుగుకు ఇంత’ అనే లెక్కలో ఉంది. వెయ్యి అడుగుల స్లాబును ఐదంగుళాల మందంతో పోస్తే 417 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది, అంటే 11.8 ఘనపు మీటర్లు. నాలుగంగుళాలకు దించితే 333 ఘనపుటడుగులు చాలు. ఎం20 గ్రేడు కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు ఎనిమిది బస్తాలు వేసుకుంటే, ఆ ఒక్క అంగుళంలో 19 బస్తాల సిమెంటు మిగిలింది. ఆరంగుళాలకొకటి కట్టాల్సిన 8 ఎంఎం రాడ్డును ఎనిమిదంగుళాలకు జరిపితే రెండు దిక్కులా కలిపి ఇంకో 120 కిలోల ఇనుము మిగులుతుంది. ఇదంతా ఒక్క స్లాబులో. యజమాని ఇచ్చే డబ్బు మాత్రం పైసా తగ్గదు, ఎందుకంటే స్లాబు వైశాల్యం మారలేదు. తగ్గించిన ప్రతి బస్తా, ప్రతి కిలో నేరుగా కాంట్రాక్టరు లాభంలో కలిసే ఒప్పందం మీద మనమే సంతకం పెడుతున్నాం. నిజాయితీపరుడు కూడా పక్కవాడి రేటుతో పోటీ పడలేక ఏదో ఒక మూల కోస్తాడు.

ఆ రేటులో ఏముందో కూడా ఎక్కడా రాసి ఉండదు. సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండు గోడ, గేటు, ఎలివేషన్ అన్నీ తర్వాత ‘ఎక్స్‌ట్రా’ పేరుతో బయటికొస్తాయి. బాల్కనీ సగం లెక్కా, పూర్తి లెక్కా? మెట్ల పైన హెడ్‌రూమ్ కొలతలోకి వస్తుందా? అగ్రిమెంటులో ఉండదు, పోట్లాటలో తేలుతుంది. హైదరాబాదు నేల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక ప్లాటులో నాలుగడుగులకే గుండు తగిలి బ్రేకరు పెట్టాల్సి వస్తే, చెరువు పక్కన మట్టి పోసి చదును చేసిన ఇంకో ప్లాటులో ఎనిమిదడుగులు తవ్వినా గట్టి నేల దొరకదు. సాయిల్ టెస్టు చేయించకుండా ఈ రెండింటికీ ఒకే రేటు చెప్పే మనిషి తేడాను ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటాడు.

కాబట్టి ఒప్పందం కొలతల మీద ఉండాలి. కాంక్రీటు ఘనపు మీటర్లలో, ఇనుము కిలోల్లో, తొమ్మిదంగుళాల గోడ ఘనపు మీటర్లలో, ప్లాస్టరింగు చదరపు మీటర్లలో. ఒక్కోదానికి రేటు, మెటీరియల్ బ్రాండు, గ్రేడు రాసిన బీవోక్యూ, అంటే పనుల పరిమాణాల పట్టిక, స్ట్రక్చరల్ డ్రాయింగుల నుంచే తయారవ్వాలి. అప్పుడు కాంట్రాక్టరు పని పెంచి చూపే ప్రమాదం వస్తుంది, నిజమే. అందుకే కొలతలు కాంట్రాక్టరు మనిషి కాదు, యజమాని పెట్టుకున్న ఇంజనీరు రాయాలి.

డబ్బు పనికి వెనకే నడవాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. అడ్వాన్సు, బేస్‌మెంటు, స్లాబు స్లాబుకూ వాయిదాలు కట్టేసరికి ఆఖరి స్లాబు నాటికి మూడింట రెండొంతుల డబ్బు వెళ్లిపోతుంది. ఇంటి ఖర్చులో స్ట్రక్చరు దాదాపు సగమే. టైల్స్, తలుపులు, కరెంటు, శానిటరీ, రంగులు మిగతా సగం తింటాయి. అక్కడ కాంట్రాక్టరు పని ఆపేస్తే అతనికి నష్టం లేదు, లాభమే. అడ్వాన్సు పది శాతం మించకూడదు. ప్రతి వాయిదా పూర్తయిన పని విలువకు లోపే ఉండాలి. చివరి ఐదు శాతం ఒక వానాకాలం దాటేదాకా చేతిలో ఉంచుకోవాలి, ఎందుకంటే టెర్రసూ సన్‌షేడూ కారేది వానకే. బ్యాంకు వాల్యుయర్ వచ్చి చూశాడు కదా అనుకోవద్దు. ఆయన చూసేది పని ఏ దశకు వచ్చిందో, నాణ్యత కాదు.

నాణ్యతకు కావలసినవి పెద్ద ఖరీదైనవేమీ కావు. 12 ఎంఎం రాడ్డు 12 మీటర్ల ముక్క 10.6 కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగాలి. లోడు దిగినప్పుడే నాలుగు ముక్కలు తూకం వేయించాలి. కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం స్లాబుకు కనీసం 20 ఎంఎం, కాలమ్‌కు 40 ఎంఎం కవర్, అంటే రాడ్డును కప్పే కాంక్రీటు పొర, ఉండాలి. రాడ్డు కింద కంకర రాయి పెట్టి సరిపెడితే పదేళ్లలో తుప్పు పట్టి పెచ్చులూడతాయి. పంపు తేలిగ్గా నడవాలని రెడీమిక్స్ లారీలో సైటు దగ్గర నీళ్లు కలిపితే బలం అక్కడే పోతుంది. స్లాబు పోసిన రోజే అదే కాంక్రీటుతో 150 ఎంఎం నమూనా క్యూబులు తీసి, బలం తేలేలా 28 రోజులకు ల్యాబులో పగలగొట్టించాలి. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటైతే పది రోజులు తగ్గకుండా నీళ్లు పట్టాలి. కింది ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబుకు ప్రాప్స్, అంటే కింద నిలిపే పోట్లు, వారం, అది దాటితే రెండు వారాలు కదపకూడదు. సెంట్రింగు సామాను అద్దె ఆదా కోసం ఐదో రోజే ఊడదీసే అలవాటు ఊరంతా ఉంది.

రీమోడలింగులో ప్రమాదం ఇంకా ఎక్కువ, అడిగేవాళ్లు ఇంకా తక్కువ. పాత ఇళ్లలో చాలావాటికి కాలమ్‌లు లేవు, స్లాబు గోడల మీదే కూర్చుంది. హాలు పెద్దది చేద్దామని ఆ గోడ కొట్టేసేవాడికి ఏ అర్హతా అక్కర్లేదు. బాత్రూములో పాత వాటర్‌ప్రూఫింగు తవ్వి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడకుండానే టైల్స్ పరిచేస్తారు. ఆర్నెల్లకు కింది ఫ్లాటు సీలింగు కారుతుంది. ఇదే ఇంట్లో వైరింగు చేయాలంటే మాత్రం చట్టప్రకారం లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలి!

లైసెన్సు అంటే లంచాలకు ఇంకో కిటికీ తెరవడమేనని, చిన్న మేస్త్రీలు బతకలేరని, ఖర్చు పెరుగుతుందని అభ్యంతరం ఉంది. తీసిపారేయాల్సిన మాట కాదు. కానీ పర్మిషన్లనే ఆన్‌లైన్‌లో స్వీయ ధ్రువీకరణతో ఇస్తున్న రాష్ట్రానికి లైసెన్సు అలా ఇవ్వడం చేతకాదా? వినియోగదారుల చట్టం ఉంది కదా అంటారు. ఉంది, 2019 చట్టంలో గృహ నిర్మాణం సేవ కిందికే వస్తుంది, రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. వెళ్లేవాడి చేతిలో ఏముంటుంది? మెటీరియల్‌తో సహా కాంట్రాక్టుకు 18 శాతం జీఎస్టీ పడుతుందని చెప్పి బిల్లు లేకుండా నగదు తీసుకుంటారు. నష్టమెంతో రుజువు చేసే కొలత ఒక్కటీ ఉండదు.

మన పిల్లలు స్థిరపడ్డ కాలిఫోర్నియాలో ఇది ఎప్పుడో తేలిపోయింది. అక్కడ 1929 నుంచి కాంట్రాక్టర్లకు లైసెన్సు బోర్డు ఉంది. నాలుగేళ్ల పని అనుభవం చూపాలి, 25,000 డాలర్ల బాండు పెట్టాలి. ఇంటి మరమ్మతు పనికి అడ్వాన్సు పది శాతం లేదా వెయ్యి డాలర్లు, ఏది తక్కువైతే అదే. నంబరు కొడితే అతని మీద తీసుకున్న చర్యలు కనిపిస్తాయి. అక్కడ వంటగది మార్పించేటప్పుడు లైసెన్సు నంబరు చూసే మనవాళ్లే, ఇక్కడ అమ్మానాన్నల ఇంటికి ఫోనులో రేటు మాట్లాడి డబ్బు పంపేస్తున్నారు.

నిజానికి ఈ లైసెన్సు వల్ల ఎక్కువ బాగుపడేది మేస్త్రీయే. దేశమంతా డ్యాములూ కాలువలూ కట్టింది పాలమూరు చేతులు. ఆ పనితనానికి ఇప్పటికీ ఒక కాగితం లేదు. ముప్పై ఏళ్లు తాపీ పట్టినవాడూ, నిన్న కారు కొని కాంట్రాక్టరునని చెప్పుకునేవాడూ బజారులో ఒకటే. తక్కువ రేటు చెప్పినవాడికే పని. మేస్త్రీలకు శిక్షణ ఇవ్వడానికి మాదాపూర్ పక్కనే 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (న్యాక్) ఉంది. అక్కడ ప్రాక్టికల్ పరీక్ష పెట్టి, పనిచేసిన ఏళ్లను అర్హతగా లెక్కగట్టి, ఇళ్లకు కింది క్లాసు లైసెన్సు మేస్త్రీకే నేరుగా ఇవ్వొచ్చు. ఒక అంతస్తు, ఒకే ఇల్లు, ఇంజనీరు పర్యవేక్షణ అనే హద్దుతో మొదలుపెట్టి, పూర్తిచేసిన పనులను బట్టి పై క్లాసుకు పంపాలి. ఆ నంబరు పర్మిషన్ కాగితంలో ఆర్కిటెక్టు నంబరు పక్కనే ఎక్కాలి. అది లేని ఫైలు ముందుకు కదలకూడదు.