సైకిల్ తొక్కుతున్నారు సరే, రీసెర్చ్‌కి ఎంత పోతోంది?

"సైకిల్ తొక్కితే క్యాన్సర్ తగ్గుద్దా అబ్బయా?" జబ్బు పేరు చెప్పి నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రైడ్ చేసేవాళ్లని టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు, న్యాయమైన ప్రశ్నే. కోపమంతా దానికి జవాబు లేకుండా రైడ్ పెట్టేవాళ్ల మీద. బ్యానర్ మీద 'అవగాహన' అని రాయిస్తారు, జెండా ఊపుతారు, టీషర్టులు పంచుతారు, ఫొటోలు దిగి టిఫిన్ తిని ఇళ్లకి పోతారు. ఆ జబ్బు మీద పని చేసే ఒక్క ల్యాబ్‌కి రూపాయి చేరదు. క్యాన్సర్ ఉందని, కిడ్నీలు పాడవుతాయని మన జనానికి తెలీదా? తెలుసు. ఇంట్లో మనిషి పోయి తెలుసుకున్నవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు.

తొక్కేవాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. సుమారు 120 కిలోమీటర్ల హైవే అది. కావలి దాటాక ఎండ, ఎదురుగాలి, లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా హ్యాండిల్ ఊగుద్ది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. సింగరాయకొండ దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్న ఒకామె, ఒక కుర్రాడి చొక్కా మీద చెమట ఆరి తెల్లగా కట్టిన ఉప్పు చారలు చూసి, ఎందుకు నాయనా ఈ తిప్పలు అని అడిగి, సంగతంతా విని, డబ్బాలోంచి 50 రూపాయల నోటు తీసి చేతిలో పెట్టింది. వాళ్లాయన డయాలసిస్ మీద ఉన్నాడంట. చందా పుస్తకం పట్టుకుని కారులో వెళ్లి అడిగితే ఆమె ఇచ్చేదా? నాకు నమ్మకం లేదు. రైడ్‌కి ఉన్న బలమే అది. అందుకే ఆ 50 రూపాయలు ఎక్కడికి పోయాయో ఆమెకి చెప్పి తీరాలి.

అమెరికాలో మసాచుసెట్స్‌లో పాన్-మాస్ ఛాలెంజ్ అని ఒక రైడ్ ఉంది. 1980లో 36 మందితో మొదలైంది, ఆ ఏడాది వచ్చింది సుమారు పది వేల డాలర్లు. ఇప్పటికి మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. ప్రతి రైడరూ కనీసం ఇంత తెస్తానని ముందే ఒప్పుకోవాలి. ఖర్చులు వేరే దారిలో, స్పాన్సర్ల లాంటి వాళ్ల దగ్గర తెచ్చుకుంటారు, రైడర్లు అడిగి తెచ్చిన డబ్బు మాత్రం పూర్తిగా బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి పోతుంది. లెక్క అంత శుభ్రంగా ఉంటే ఎవరైనా ఇస్తారు.

ఆ ఫార్బర్ ఎవరో చెప్పాలి. 1948లో బ్లడ్ క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకి అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే పది మందికి కొంతకాలం నెమ్మదించిందని రాసిన డాక్టర్ ఆయన. ఆ మందు తయారు చేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ని ఇవాళ్టికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడుతున్నారు. "ఉన్న పేషెంట్లకే మందులకి డబ్బుల్లేవు, మళ్లీ రీసెర్చ్ ఎందుకు" అనే పెద్దమనుషులు ఇది ఒకసారి ఆలోచించాలి. ఆ రోజు ఎవరూ ఖర్చు పెట్టకపోతే ఇవాళ కొనడానికి మందే ఉండేది కాదు.

సరే, మన సంగతి. ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు, మన దేశంలో ఉందని 1937లో మొదట బయటపెట్టింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి. ఎనభై ఏళ్లు దాటింది! కనిగిరి వైపు ఊళ్లకి వెళ్లి చూడండి, జబ్బు ముదిరిన మనిషిని వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పలేడు, కర్ర ఆనించుకుని ఒళ్లంతా తిప్పుకుని మన వైపు చూస్తాడు. ఎముకలో ఫ్లోరైడ్ పేరుకుని, కీళ్ల చుట్టూ నరాల్లాంటి కట్లు గట్టిపడిపోతే వెన్ను వంగదు. దాన్ని మళ్లీ మామూలు చేసే మందు ఇప్పటికీ లేదు. ఒంట్లోంచి ఫ్లోరైడ్‌ని బయటికి పంపేది కిడ్నీలు, అవి దెబ్బతింటే ఇంకా ఎక్కువ నిలవ ఉండిపోతుంది. నీళ్లకీ కిడ్నీలకీ మధ్య ఏం జరుగుతోందో మన ఊళ్లలోనే, బోరు బోరుకీ నీళ్లు పరీక్షించి, అవే కుటుంబాలకి ఏటా క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) చూస్తూ, ఏళ్ల తరబడి లెక్క రాయాలి. దీనికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు, ఆగకుండా వచ్చే డబ్బు కావాలి. మధ్యలో డబ్బు ఆగితే అప్పటిదాకా రాసిన లెక్క కూడా దండగ.

కాబట్టి రైడర్లందరినీ అడుగుతున్నా. ఈసారి రూట్ నెల్లూరు నుంచి ఒంగోలు, అక్కడ రాత్రి ఆగి, తెల్లారి పొదిలి మీదుగా కనిగిరి పెట్టండి. ముందు ఒక మెడికల్ కాలేజీ వాళ్లతో కూర్చుని, డబ్బు ఏ అకౌంట్‌లో పడుద్ది, దాంతో ఏ పరీక్షలు చేస్తారు, ఫలితం ఎప్పుడు బయట పెడతారు అన్నది కాగితం మీద రాయించుకోండి. టీషర్టుల ఆర్డర్ ఆ తర్వాత ఇద్దురు గానీ.