రేకుల కింద ఉడికిపోతున్న ఎరువు

ఒడిశాలోని గుణుపురంలో ఒక ఎరువుల దుకాణం. మే నెల మధ్యాహ్నం. రేకుల కప్పు కింద యూరియా బస్తాల మీద అజోస్పైరిల్లం అనే బ్యాక్టీరియాతో చేసిన జీవన ఎరువు ప్యాకెట్లు పడేసి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే ఇప్పుడే పెనం మీంచి దించినట్టుంది. పొడి రూపంలోని జీవన ఎరువులో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. ఆ వేడికి ఎన్ని మిగులుతాయి? అది వాడిన రైతు పంట కోతల నాటికి ‘జీవన ఎరువులు పనిచేయవు’ అని తేల్చేస్తాడు. చచ్చిన దానితో పని ఎలా అవుతుంది!

యూరియా వేసిన వారానికి కనిపించే పచ్చదనం వీటితో రాదనీ, ఫలితం నేలనుబట్టి మారుతుందనీ అనేవారున్నారు. రెండూ నిజమే. యూరియాను పూర్తిగా మానేయమని నేనూ అనను. కొంత తగ్గించి, ఆ లోటును వీటితో పూడ్చుకోమంటున్నాను.

ముఖ్యంగా ఈ కొండవాలు ఎర్ర నేలల్లో. ఇక్కడి ఆమ్ల గుణానికి వేసిన భాస్వరం ఇనుము, అల్యూమినియాలతో బిగుసుకుపోతుంది. చోడి (రాగి) వేరు పక్కనే ఉన్నా అందుకోలేదు. ఫాస్ఫోబ్యాక్టీరియా అనే మరో రకం సూక్ష్మజీవులు విడుదల చేసే ఆమ్లాలు ఆ ముడిని కొంత విప్పుతాయి. అజోస్పైరిల్లం గాలిలోని నత్రజనిని పట్టడమే కాదు, పిల్లవేళ్లు గుబురుగా పెరిగేలా హార్మోన్లనూ ఇస్తుంది. వానల మధ్య పది రోజులు ఎండ కాస్తే ఆ వేళ్లే పైరును నిలబెడతాయి. ఇక వరి మడి నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు నత్రజని కూడబెడుతుందని శాస్త్రవేత్త పి.కె. డే 1939లోనే చూపించారు.

వాడకం వంటింటి పనే. పది కిలోల విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్, చల్లారిన బెల్లం పాకంతో పట్టించి, నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తాలి. రసాయన ఎరువుతో మాత్రం కలపకూడదు.

ఇదంతా ప్యాకెట్ వెనక ఉంది, ఒడియాలో, ఇంగ్లీషులో. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గుణుపురం అటువైపు వెళ్లింది. ఇళ్లలో తెలుగు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. సరిహద్దు బడుల్లో తెలుగు ఉండాలంటే భాషాభిమానమని కొట్టిపారేస్తారు. సరే, అభిమానం సంగతి పక్కన పెడదాం. ప్యాకెట్ మీద నాలుగు తెలుగు వాక్యాలు అచ్చువేయడానికి అయ్యే సిరా ఖర్చెంత? దుకాణంలో ఒక మూల శీతల పానీయాల ఫ్రిజ్ చల్లగా గుర్రుమంటూనే ఉంది. అందులో ఒక్క అర ఈ ప్యాకెట్లకు ఇవ్వడానికి పథకమేదీ అక్కర్లేదు.

నేను బయల్దేరుతుంటే ఒక పెద్దాయన తన ప్యాకెట్ నా చేతిలో పెట్టారు. ‘‘బాబూ, యూరియాలో కలిపి చల్లేయమన్నారు. అంతే కదా?’’