ప్లేట్‌లెట్ ప్యాకెట్‌ను ఐస్‌లో పెట్టకండి

డెంగ్యూ జ్వరాలు మొదలైతే చాలు, ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. ఈ వారంలోనే నాకు నలుగురు పంపారు. "ప్లేట్‌లెట్లు పసుపుగా ఉంటే పాడైనట్టు, మిషన్ మీద ఊపితే చితికిపోతాయి, రెండు రోజులు దాటితే ఉత్త నీళ్లే, ఐస్ డబ్బాలోనే తేవాలి" అని.

పసుపు సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ప్లేట్‌లెట్లంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాలు. అవి ఉండేది రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో, ప్లాస్మా రంగే అది.

ఊపడం ఎందుకంటే, సంచిలో ఉన్నా అవి బతికే ఉంటాయి కాబట్టి. గ్లూకోజ్ తింటాయి, ఆక్సిజన్ వాడుకుంటాయి. ఆ ఆక్సిజన్ సంచి ప్లాస్టిక్ గుండానే లోపలికి వెళ్తుంది, మెల్లగా ఊపుతుంటేనే అన్నింటికీ అందుతుంది. అందకపోతే గ్లూకోజంతా లాక్టిక్ ఆమ్లమై పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) పడిపోతుంది, 6.2 కిందికి దిగితే ఎక్కించినా ఒంట్లో నిలవవు.

రెండు రోజుల మాటలో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. రోజు గడిచేకొద్దీ ఆమ్లం పేరుకుంటుంది, దాన్ని అదుపులో ఉంచే బైకార్బనేట్ తరిగిపోతుంది, మొదటిరోజు సత్తా ఐదోరోజుకు ఉండదు. మామూలు వేడిలో ఉంచడం వల్ల బ్యాక్టీరియా పెరిగే భయం కూడా ఉంది, ఐదు రోజుల గడువు అందుకే. అయినా మూడోరోజు సంచి నీళ్లు కాదు. దాత రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు అయ్యాకే కదా ఇచ్చేది, ఈరోజు తీసినవే కావాలని కౌంటర్ దగ్గర గొడవపడితే ఆలస్యమయ్యేది మన పేషెంటుకే.

ఇక ఐస్. దయచేసి ఈ ఒక్క ముక్కయినా ఆ మెసేజ్‌లోంచి తీసేయండి! ఫ్రిజ్‌లో పెట్టేది ఎర్రరక్తం. ప్లేట్‌లెట్లకు 20 నుంచి 24 డిగ్రీలు ఉండాలి. చల్లబడితే చదునుగా బిళ్లల్లా ఉండేవి ముళ్లు లేచిన ఉండల్లా మారతాయి, పైనున్న ప్రొటీన్లు గుంపు కడతాయి, ఎక్కించాక కాలేయం వాటిని త్వరగా ఏరేస్తుంది. కౌంట్ పెరుగుతుందని ఎదురుచూసే ఇంటివాళ్లకు ఇదంతా ఎవరు చెప్తారు?

పోయినేడు మా బాబాయికి కౌంట్ 9 వేలకు పడిపోయి చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే, మా తమ్ముడు ఈ మెసేజ్ నమ్మి థర్మాకోల్ డబ్బా నిండా ఐస్ పోసి, మధ్యలో ప్యాకెట్ పెట్టి బండి మీద తెచ్చాడు. మంచి ప్యాకెట్‌ను ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పితే లోపల పట్టుచీర మెరిసినట్టు సుడులు కనిపిస్తాయి. నర్సు దాన్ని అలాగే పట్టుకుని రెండుసార్లు తిప్పి చూసింది. మెరుపు లేదు. ఇంకో ప్యాకెట్ దొరికేసరికి తెల్లవారింది.